లైటు తియ్

"లైటు తియ్," అన్నాడు.

గట్టిగా అనలేదు. గొంతు పెంచడం అతనికి అలవాటు లేదు. కంచం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో ఒక్కొక్క వేలే తుడుచుకుని, అప్పుడు అన్నాడు. ఆమె గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్చి నొక్కింది. గదిలో ఉన్న ఒక్కగానొక్క బల్బు ఆరిపోయింది.

కిటికీకి ఉన్నది పల్చటి కర్టెను. దాని అవతల ఇరుకు సందు, సందుకి అటువైపు ఎదురింటివాళ్ళ కిటికీ. లోపల లైటుంటే కర్టెను మీద నీడలు పడతాయి. పరువుగల మనిషి కనుక అతనికి నీడలు పడటం ఇష్టం ఉండదు. ఆ లైటైనా తను తీయడు, ఆమె చేతే తీయిస్తాడు.

మొదటి దెబ్బ భుజానికి కాస్త కిందగా, ఆమె చొక్కా చెయ్యి కప్పే చోట పడింది. చీకట్లో కూడా గురి తప్పని చెయ్యి. రెండోది వీపు మీద. మూడోదానికి ఆమె వెళ్ళి టీవీ స్టాండు మీద పడింది. ఆ స్టాండు మీద ఇప్పుడు టీవీ లేదు. వార్తలు చదివే అమ్మాయి తనని చూసి నవ్వుతోందని కిందటి నెల అతను స్పానరు విసిరాడు. టీవీ ఖాళీ చేసిన చోటికి చేపల తొట్టి వచ్చింది. ఇప్పుడు తొట్టిలో నీళ్ళు తొణికి ఆమె మెడ మీద పడ్డాయి. నీళ్ళు నిజంగానే కంపు కొడుతున్నాయి.

ఇవాళ్టి నేరం అదే.

"ఇల్లా, మురిక్కాలవా ఇది?" అన్నాడు చీకట్లోంచి ఆయాసపడుతూ.

ఆమె అరవలేదు. తువ్వాలు అంచు పళ్ళ మధ్య పెట్టుకుంటే అరుపు బయటికి రాదని ఎప్పుడో నేర్చుకుంది. ఇంకో రెండు పడ్డాయి. తర్వాత అతను కుర్చీ వెతుక్కుని కూర్చున్న చప్పుడు వినిపించింది.

"లైటు వెయ్యి."

వేసింది. గది ఎప్పటిలాగే ఉంది. అతను మంచినీళ్ళు తాగి, "పొద్దున్నే లేపు. ఆసుపత్రి లిఫ్టు మధ్యమధ్యలో ఆగిపోతోందట," అని చెప్పి మంచం ఎక్కాడు.

లిఫ్టు మెకానిక్కుగా అతనికి ఊళ్ళో ఉన్న మంచిపేరు ఇంతా అంతా కాదు. లోపల ఇరుక్కుపోయినవాళ్ళతో తలుపు బయటి నుంచి ఎంత ఓపిగ్గా మాట్లాడతాడని! "భయపడకండమ్మా, లైటు పోయినా గాలి వస్తుంది, నేనున్నాగా," అంటాడు. చీకటి పెట్టెలోంచి బయటపడ్డ ముసలమ్మలు అతని చేతులు పట్టుకుని ఏడుస్తారు. అవే చేతులు.

ఆమె తొట్టి ముందు గొంతుక్కూర్చుంది. లాండ్రీలో తనతో పనిచేసిన మనిషి ఇల్లు మారుతూ ఇచ్చిపోయిన తొట్టి అది. అడుగున సన్నని ఇసుక, రెండు రాళ్ళు, నాలుగైదు రకాల మొక్కలు, గోరంత నారింజరంగు చేపలు. వచ్చినప్పుడు పచ్చగా ఉన్న ఆకులు ఇప్పుడు రంగు వెలిసి గాజుముక్కల్లా అయ్యి చివర్ల నుంచి కుళ్ళుతున్నాయి. ఒక ఆకుని వేళ్ళతో తాకితే బాగా ఉడికిన కూరలా విడిపోయింది. కంపు దానిదే. ఇది ఇలాగే చచ్చిందంటే అతను తొట్టిని తీసుకెళ్ళి చెత్తకుప్పలో పడేస్తాడు. ఈ ఇంట్లో తనది అని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే. ఎలాగైనా బతికించాలి అనుకుంది.

పొద్దున సందులో పాలప్యాకెట్టుతో ఎదురింటి పిన్ని ఎదురైంది.

"ఏమ్మాయ్, నిన్న కూడా పెందలాడే లైటు తీసేశారే!" అంది కళ్ళు చికిలించి. "ఇన్నేళ్ళయినా ఏం మోజమ్మా మీది! మా ఆయన్ని చూడు, లైటు ఆర్పేలోపే గురక."

ఆమె కూడా నవ్వింది. నవ్వితే వీపు లాగింది. పిన్ని చెడ్డ మనిషేం కాదు. లైటు ఆరిన కిటికీని చూస్తే సరసం తప్ప ఇంకేదీ తోచని అదృష్టవంతురాలు, అంతే.

ఆమె పనిచేసేది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో. ఉతకడానికి ముందు ప్రతి దుప్పటినీ పొడుగాటి బల్ల మీద పరిచి మరకలు ఏరి, వేటికవి విడదీయాలి. మందు మరక ఒక గంప, నూనె మరక ఒక గంప, రక్తం ఒక గంప. రక్తానికి చన్నీళ్ళే పెట్టాలి. వేడినీళ్ళు తగిలిందా, ఇక జన్మలో పోదు. బల్ల మీద తెల్లటి ట్యూబులైట్లు వరసగా వేలాడుతుంటాయి. కొత్తగా చేరినవాళ్ళు కళ్ళు మండుతున్నాయని గొణిగితే ఆమే చెప్తుంది, పసుపు లైటు కింద అన్ని దుప్పట్లూ శుభ్రంగానే కనిపిస్తాయని. పదేళ్ళుగా అదే బల్ల. అక్కడ ఆమెని అందరూ మరకలమ్మ అనే పిలుస్తారు.

ఆ ఉద్యోగం ఇప్పించింది ఆడపడుచు. అదే లాండ్రీలో ఇస్త్రీ వైపు ఉంటుంది. నవ్వుతూ నవ్విస్తూ తిరిగే పిల్ల. మధ్యాహ్నం దుప్పటి రెండు కొసలూ ఇద్దరూ పట్టుకుని మడత పెడుతుంటే, చెయ్యి పైకెత్తలేక ఆమె కొస జారవిడిచింది. ఆడపడుచు దగ్గరికొచ్చి చొక్కా చేతిని కాస్త పైకి లాగి చూసి, వెంటనే కిందికి దించేసింది.

"మళ్ళీనా?"

"తొట్టి వాసనొస్తోందని."

"అన్నయ్య కోపం నీకు తెలీనిదేముంది వదినా. ఒక్క క్షణం ఉంటుంది, పోతుంది. లైట్ తీస్కో."

ఆ పిల్లకి అది ఊతపదం. బస్సు తప్పిపోయినా లైట్ తీస్కో, జీతం కోసినా లైట్ తీస్కో, వదిన చెయ్యి నల్లగా కమిలినా లైట్ తీస్కో. ఆమెకి ఒళ్ళు మండింది. ఆ మంటతో రెండో దుప్పటిని ఎంత బిగించి లాగిందంటే ఆడపడుచు తూలి ముందుకి పడబోయింది.

"అమ్మో వదినా! నామీద చూపిస్తావేంటి?"

సాయంత్రం పని అయ్యాక ఆమె ఇంటికి పోకుండా చేపల కొట్టుకి పోయింది. కొట్టాయన్ని చుట్టుపక్కలవాళ్ళు పాచి బాబాయి అంటారు. చేప చచ్చినా, గాజు మసకేసినా, వ్యాపారం డల్లుగా ఉన్నా ఆయన తప్పంతా పాచి మీదికే తోస్తాడు. కొట్టు నిండా మోటార్ల బుడబుడ.

ఆమె కవరులో తెచ్చిన కుళ్ళిన ఆకుని చూసి, "లైటేం వాడుతున్నారు?" అన్నాడు.

"గదిలో బల్బుంది."

"పసుపుదా?"

"పసుపే."

"అది మనుషులు అన్నం తినడానికమ్మా. మొక్కలు తినాల్సింది లైటుని. వాటిని పస్తులుంచారు మీరు." వెనక్కి తిరిగి ఒక పొడుగాటి పెట్టె దించాడు. "ఇది అచ్చంగా మొక్కల తొట్టికే చేసింది. రంగులు మారుస్తుంది, పొద్దు పొడిచినట్టు మెల్లగా వెలుగుతుంది. కానీ మీ నెల జీతం మింగేస్తుంది. కొత్తగా మొదలెట్టినవాళ్ళకి నేనైతే ఇవ్వను."

"అదీ?" అని నీలంగా మెరుస్తున్న సన్నటి పట్టీని చూపించింది. అది చవక.

"అది చూడ్డానికి. దాని కింద చేపలు పెళ్ళికూతుళ్ళలా ఉంటాయి, మొక్కలు మాత్రం అలాగే చస్తాయి. మీకు కావాల్సింది ఇదీ." బల్ల కింద నుంచి నల్లటి, బరువైన, పలకలాంటి లైటు ఒకటి తీశాడు. అంగళ్ళ బోర్డుల మీద, గోదాముల గేట్ల మీద ఉండే ఫ్లడ్‌లైటు. "మరీ పెద్దది వద్దు, ఈ చిన్నది చాలు. పగటి వెలుగు లాంటి తెలుపు ఉన్నదే తీసుకోవాలి, పసుపుది వద్దు. అందం ఉండదు, పని మాత్రం చేస్తుంది. ధర ఆ పొడుగు పెట్టెదాంట్లో పావు వంతు కూడా కాదు."

"నీళ్ళలో పడితే?"

పాచి బాబాయి ముఖం వెలిగింది. ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు లైటుని ప్లగ్గుకి తగిలించి, వెలుగుతూ ఉండగానే బకెట్టు నీళ్ళలో ముంచేశాడు. ఆమె ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. బకెట్టు మొత్తం తెల్లగా వెలిగింది. "వానలో తడవడానికే పుట్టిందమ్మా ఇది. లోపలికి చుక్క పోదు. ఒక్కటే జాగ్రత్త. వైరుకి మధ్యలో టేపు జాయింటు ఉండకూడదు. ఉందా, తడిస్తే ప్రాణం తీస్తుంది. మీ గదికి ఈ వైరు చాలదంటే పొడుగుది రేపు వస్తుంది, నేనే మార్చి బిగిస్తా."

"రోజూ వేసి తీస్తూ ఉండాలా?"

"వద్దు. ఎక్కువసేపు ఉంచితే పాచి, తక్కువైతే మళ్ళీ పస్తు. మనుషుల చేతికొదిలితే రెండూ జరుగుతాయి. ఈ టైమరు పెట్టెయ్యండి. పొద్దున వెలిగిస్తారో, సాయంత్రం వెలిగిస్తారో మీ ఇష్టం, మొక్కలకి పట్టింపు లేదు. దానంతటదే వెలుగుతుంది, దానంతటదే ఆరుతుంది."

"ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదా?"

"ఎవరూ."

ఆమె టైమరుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, "సాయంత్రానికి పెట్టండి. పడుకునే దాకా ఉండాలి," అంది.

"అయితే తీసుకుంటారా లైటు?"

"తీసుకుంటా," అంది. ఆడపడుచు గుర్తొచ్చి ముక్కుతో నవ్వింది. పాచి బాబాయికి ఎందుకో అర్థం కాలేదు.

అతను ఏమంటాడోనని ఆమె లైటుని తలుపు వెనకే పెట్టింది గాని, ఆ సాయంత్రం అతను ఏమీ అనలేదు. పైపెచ్చు సరదాపడ్డాడు. పనిముట్ల సంచీ తెరిచి, స్టాండు పక్కన ఇనపకమ్మీ నిలబెట్టి, దానికి లైటుని బిగించాడు. వైరు పొట్టిగా ఉందని పాత వైరు ముక్క ఒకటి తీసి, పళ్ళతో తొడుగు ఊడబీకి, రెండూ మెలిపెట్టి నల్లటేపు చుట్టాడు. మూడు చుట్లు, అంతే. ఊళ్ళోవాళ్ళ లిఫ్టులకైతే ఇంకోలా చేస్తాడు. ఇంట్లో కరెంటంటే అతనికి లెక్కలేదు. ఎక్కడైనా షాకు కొడితే ఇంటి కరెంటంతా ఆపేసే ట్రిప్ స్విచ్చి మీటరు దగ్గర మాటిమాటికీ పడిపోతోందని, ఎప్పుడో దాన్ని దాటించి నేరుగా తీగ కలిపి నోరు నొక్కేశాడు. "అది నా మాట వినాలి గాని దాని మాట నేను వినడమేంటి," అన్నాడప్పుడు.

లైటు వెలిగింది. నీళ్ళ మెలికలు పైకప్పు మీద ఆడాయి. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని చేపల్ని చూశారు. "బాగానే ఉందే," అన్నాడు అతను. ఆమెకి ఏడుపొచ్చింది. ఈ మనిషే ఎప్పుడూ ఇలాగే ఉండొచ్చుగా అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే చిరాకేసింది.

మర్నాడు అతను రాకముందే ఆమె లైటు ఊడదీసి కొట్టుకి పట్టుకెళ్ళింది. పాచి బాబాయి ఆ టేపు జాయింటు చూసి తలకొట్టుకున్నాడు. దాన్ని కత్తిరించి పారేసి, అతుకు లేని పొడుగాటి వైరుని లైటు లోపలి దాకా దూర్చి, రబ్బరు వాషరుతో బిగించి ఇచ్చాడు. మళ్ళీ బకెట్టులో ముంచి కూడా చూపించాడు. ఇంటికొచ్చి ముందెలా ఉందో అలా బిగించాక ఆమెకి భయమేసింది. అతను చుట్టిన జాయింటు తీసేసిందని తెలిస్తే ఊరుకోడు. పనిముట్ల సంచీలోంచి నల్లటేపు తీసి, నిక్షేపంలాంటి వైరుకి సరిగ్గా ఆ చోటే మూడు చుట్లు చుట్టింది. అచ్చు అతని పనిలాగే ఉంది.

ఆ వారం ఇంట్లో దెబ్బ పడలేదు. ఒకటి రెండుసార్లు అతను తువ్వాలుతో వేళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తల తిప్పి తెల్లటి వెలుగుని చూసి, కర్టెన్ని చూసి, తువ్వాలు పక్కన పడేశాడు. తొట్టిలో కుళ్ళిన ఆకుల మధ్య నుంచి చిన్న చిగురొకటి తలెత్తింది. ఆమె దాన్ని చూస్తూ రెండుసార్లు పాలు పొంగబెట్టింది.

చివరికి కొంప ముంచింది ఎదురింటి పిన్ని సరసమే. సాయంత్రం పనినుంచి వస్తున్న అతన్ని సందులో ఆపి, "ఏం బాబూ, ఈ మధ్య మీ ఇంట్లో లైటు ఆరడమే లేదు! మోజు తీరిపోయిందా ఏంటి?" అందట.

అతను తలుపు వేసి గడియ పెట్టాడు. చెప్పులు విడిచాడు. ఈసారి చేతులు కడుక్కోలేదు, తువ్వాలూ తియ్యలేదు.

"ఎదురింటిదానికి ఏం చెప్పావ్?"

"ఏం చెప్పలేదు. ఎవరికీ ఏమీ చెప్పలేదండీ."

"లైటు తియ్."

ఆమె గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్చి నొక్కింది. బల్బు ఆరింది. గది మాత్రం ఆరలేదు. తొట్టి మీద లైటు అలాగే తెల్లగా, తొణక్కుండా వెలుగుతోంది. కర్టెను మీద ఇద్దరి నీడలూ నిలువెత్తున నిలబడ్డాయి.

"అదీ తియ్."

"అది టైమరుది. దానంతటదే..."

చెంప మీద పడింది. ఇన్నేళ్ళలో ముఖం మీద కొట్టడం అదే మొదలు. పెదవి పళ్ళకి తగిలి చీలింది. తల వెళ్ళి గోడకి కొట్టుకుంది. అతను జుట్టు పట్టుకుని ముఖాన్ని లైటు వైపు తిప్పి, "తియ్ అన్నానా!" అని ఊపేశాడు. గడ్డం మీంచి కారిన రక్తం ఆ తెల్లటి వెలుగులో ఎర్రగా, ఆసుపత్రి దుప్పటి మీద ఉన్నంత స్పష్టంగా కనిపించింది. అతను దాన్ని చూశాడు. తన చెయ్యి చేసే పనిని అతను కళ్ళతో చూడటం ఇదే మొదటిసారి. చూసి ఆగుతాడేమో అనుకుంది ఆమె. అతను ఆగలేదు. ఇంకా రెచ్చిపోయాడు. కడుపులో మోకాలితో పొడిచి, వంగిపోతే వీపు మీద పిడికిలితో గుద్ది, నేల మీద పడేసి తొక్కాడు. సందు అవతల ఎవరో "ఓయ్!" అని అరిచారు. ఇంకో కిటికీ తలుపు టపామని తెరుచుకుంది.

ఆ అరుపుతో అతనికి పిచ్చెత్తినట్టయింది. సంచీలోంచి పెద్ద స్పానరు లాగి లైటు మీదికి విసురుగా కొట్టాడు. దెబ్బ కమ్మీకి తగిలి జారి తొట్టి మీద పడింది. అద్దం ఒక్కసారిగా పగిలింది. నీళ్ళు, ఇసుక, మొక్కలు, గాజుపెంకులు అన్నీ కలిసి అతని కాళ్ళ మీదుగా గదంతా పారాయి. కమ్మీ ఊగి ఊగి కూలింది. లైటు నేలమీద నీళ్ళలో వెల్లకిలా పడింది.

పడి, వెలుగుతూనే ఉంది.

అతను కిందికి చూశాడు. తన పాదాలు తడిలో ఉన్నాయి. వైరు తడిలో ఉంది. వైరు మధ్యలో తను చుట్టిన మూడు చుట్ల టేపు తడిలో ఉంది. ట్రిప్ స్విచ్చి ఇక పడదని అతనికి తెలుసు. ఇంట్లో తన పనితనం ఎలాంటిదో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. నోట్లోంచి సన్నటి కూత ఒకటి వచ్చింది. ఒక్క గెంతు గెంతి కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

"లైటు తియ్!"

ఆమె గోడ పట్టుకుని లేచింది. ప్లగ్గున్న బోర్డు ఆమె తలకి పక్కనే, గోడకి మేకుతో వేలాడుతోంది. లాండ్రీ రబ్బరు చెప్పులు ఇంకా కాళ్ళకే ఉన్నాయి. చెయ్యి అలవాటు కొద్దీ బోర్డు దాకా లేచింది.

"తియ్యవే, నీళ్ళలో కరెంటుంది! తియ్యి... చస్తాను... నీకు దణ్ణం పెడతా, లైటు తియ్యి!"

అవే మాటలు. గొంతు మాత్రం లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళది. ఆమె ఎత్తిన చేతిని దించేసింది. చొక్కా చేత్తో పెదవి తుడుచుకుని, కుర్చీ మీద గజగజలాడుతున్న మొగుణ్ణి పైనుంచి కింది దాకా తాపీగా చూసింది.

"లైట్ తీస్కోండి," అంది.

ఆ మాట ఆమె నోట రావడం అదే మొదటిసారి. అతనికి అర్థం కాలేదు.

తలుపు దబదబా మోగింది. ఆమె గోడ వారగా నడిచి గడియ తీసింది. ఎదురింటి పిన్ని, ఆమె వెనక రొప్పుతూ ఆమె భర్త, ఆ వెనక మెట్ల మీద ఇంకొందరు. పిన్ని లోపలికి ఒక అడుగు వేసి ఆగిపోయింది. కుర్చీ మీద స్పానరుతో మనిషి. చీలిన పెదవి, రక్తం, ఊడొచ్చిన జుట్టు. చొక్కా చెయ్యి చిరిగిన చోట కొత్తగా కమిలిన మచ్చ, దాని కింద పచ్చబడ్డ పాత మచ్చ. ఏదీ దాచే లైటు కాదు అది.

"అమ్మాయ్," అంది పిన్ని. "అయితే మీరు పెందలాడే లైటు తీసేది..."

"అవును పిన్నిగారూ."

పిన్ని ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఇన్నాళ్ళూ వేసిన జోకులన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బాబాయిగారూ, లైటు తియ్యమనండి దాన్ని!" అని పిన్ని భర్తకేసి అరిచాడు అతను. "నేలంతా షాకు! లోపలికి రాకండి!"

గుమ్మంలో అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. ఎవరూ స్విచ్చి వైపు పోలేదు. నేలమీద నారింజరంగు చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి.

ఆమె వంటింట్లోంచి గిన్నెతో నీళ్ళు తెచ్చింది. చెప్పులు రెండూ విడిచి గోడవార పెట్టింది. "చస్తావే!" అని కేక పెట్టాడు అతను. ఆమె గాజుపెంకులు లేని చోటు చూసుకుని, వట్టి పాదాలతో నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళ మీద కూర్చుని, వెలుగుతున్న లైటు పక్కనే చెయ్యి చాపి, ఒక్కొక్క చేపనీ రెండు చేతులతో ఎత్తి గిన్నెలో వేసింది. చిగురు తొడిగిన మొక్కని కూడా వేళ్ళతో వెతికి తీసి అందులో పెట్టింది.

నీళ్ళలో కరెంటు లేదని అతనికి తెలిసిపోయింది. గుమ్మంలో ఉన్నవాళ్ళకీ తెలిసిపోయింది. పిన్ని చెప్పులు విడిచి తనూ దిగి, గిన్నె పట్టుకుంది.

అతను మాత్రం కుర్చీ దిగలేదు.